ఇంటి షెడ్డులో విద్యుత్ స్పోర్ట్స్ కారు

పెట్రోలు కారులోంచి ఇంజన్ దించేసి, ఆ చోట ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీలు బిగించి మళ్లీ రోడ్డెక్కించడం అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో చాలాకాలంగా ఉన్న వ్యాపకం. పెద్ద కంపెనీలు ఎలక్ట్రిక్ కార్లను షోరూముల్లో పెట్టకముందే ఇంటి పక్క షెడ్డుల్లో ఈ పని మొదలైంది. కాలిఫోర్నియాలో ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ అనే ఔత్సాహికుల సంఘం 1967లోనే ఏర్పడింది. ఇలా మార్చుకునే బండ్లలో రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కార్లకు మొదటినుంచీ ఒక ప్రత్యేక స్థానం ఉంది.

కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. చిన్న స్పోర్ట్స్ కారు తేలిక. బరువు తక్కువైతే కిలోమీటరుకు ఖర్చయ్యే కరెంటూ తక్కువే. దాన్ని కుటుంబమంతా సామాన్లతో దూర ప్రయాణాలకు వాడరు కాబట్టి ఒక్క చార్జింగ్‌తో వంద కిలోమీటర్లు నడిచినా యజమానికి సరిపోతుంది. పైగా పాత కార్లలో కంప్యూటర్ల పెత్తనం ఉండదు. ఇంజన్ తీసేస్తే మిగతా బండి అలిగి మొరాయించదు. బాడీ బాగుండి ఇంజన్ మాత్రం అరిగిపోయిన కారు చవగ్గా దొరుకుతుంది.

వీటన్నిటికీ చక్కగా సరిపోయే ఉదాహరణ జపాన్ కంపెనీ మాజ్దా తయారుచేసిన ఎంఎక్స్-5. అమెరికాలో దాన్ని మియాటా అంటారు. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించారు. తొలి తరం కారు 1997 దాకా తయారైంది. అన్ని తరాలూ కలిపి పది లక్షల కార్లు 2016 నాటికి పూర్తయ్యాయి. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇదే. తొలి మోడల్‌లో 1.6 లీటర్ల ఇంజన్ ముందు ఉంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. బరువు దాదాపు 960 కిలోలు, అమెరికా మోడల్ శక్తి 116 హార్స్ పవర్. అంకెలు చూస్తే గొప్ప వేగం ఉన్న కారు కాదు. కానీ ముందు వెనకల మీద బరువు దాదాపు సరిసమానంగా పడటం వల్ల మలుపుల్లో అది స్టీరింగుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో నడిపినవాళ్లందరూ చెబుతారు. దాన్ని కరెంటు బండిగా మార్చేవాళ్లు కాపాడుకోవలసింది ఆ చురుకునే.

బరువే అసలు లెక్క

ఇలా కరెంటు బండిగా మార్చే పనిని కన్వర్షన్ అంటారు. కన్వర్షన్ అనగానే చాలామంది ముందు అడిగేది మోటారు ఎంత పవరు అని. అడగవలసిన మొదటి ప్రశ్న బరువు గురించి. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 కిలోవాట్-అవర్ల శక్తి ఉంటుంది. కిలోవాట్-అవర్ అంటే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్. మియాటా ట్యాంకులో 45 లీటర్లు పడుతుంది. అంటే 33 కిలోల బరువున్న పెట్రోలులో దాదాపు 400 యూనిట్లు ఉన్నట్టు. ఇంజన్ అందులో ముప్పాతిక భాగం వేడిగా వదిలేసినా వంద యూనిట్ల దాకా చక్రాలకు చేరుతుంది. ఎలక్ట్రిక్ మోటారు తనకు అందినదాంట్లో పది శాతానికి కాస్త అటూ ఇటూ మాత్రమే వృథా చేస్తుంది. అయినా ఆ వంద యూనిట్లను నింపుకునే బ్యాటరీ బరువును ఇంత చిన్న కారు మోయలేదు.

సీసం బ్యాటరీల కాలంలో ఈ చిక్కు మరీ ఘోరంగా ఉండేది. 1970ల చమురు సంక్షోభం తర్వాత అమెరికన్ ఔత్సాహికులు ఎక్కువగా ఎంచుకున్న స్పోర్ట్స్ కారు పోర్షె 914. ఇంజన్ మధ్యలో ఉండటం వల్ల దానికి ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ ఉండేవి. బ్యాటరీలను రెండువైపులా సర్దుకోవచ్చు. వాళ్లు వాడినవి గోల్ఫ్ మైదానాల్లో తిరిగే చిన్న బండ్ల బ్యాటరీలు. ఒక్కొక్కటి 6 వోల్టులు, సుమారు 28 కిలోలు. అలాంటివి ఇరవై కలిపితే 120 వోల్టులు, 560 కిలోలు. కాగితం మీద వాటిలో 27 యూనిట్ల శక్తి ఉంటుంది. అయితే సీసం బ్యాటరీకి ఒక అవలక్షణం ఉంది: కరెంటును ఎంత జోరుగా లాగితే అది ఇచ్చే మొత్తం అంత తగ్గిపోతుంది. కారు నడిపే జోరులో చేతికి వచ్చేది సగానికి కాస్త ఎక్కువ. అరటన్ను బరువు మోసిన స్పోర్ట్స్ కారులో స్పోర్ట్స్ ఏముంటుంది? అయినా పట్టుదలగా అలాగే నడిపారు.

ఈ సీసం బరువు బంధం ఎలా తెగిందో చూపే కారు ఒకటుంది. కాలిఫోర్నియాలోని ఏసీ ప్రొపల్షన్ అనే చిన్న సంస్థ 1997లో ఒక కిట్ కారు ఆధారంగా టీజీరో అనే రెండు సీట్ల ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు తయారుచేసింది. మొదట అందులో 28 సీసం బ్యాటరీలు పెట్టారు. 2003లో వాటిని తీసేసి, ల్యాప్‌టాప్‌లలో వాడే చిన్న లిథియం సెల్స్ 6,800 కలిపి పెట్టారు. బరువు రెండు వందల కిలోలకు పైగా తగ్గింది, ప్రయాణ దూరం సుమారు 480 కిలోమీటర్లకు పెరిగింది, సున్నా నుంచి గంటకు 60 మైళ్ల వేగం 3.6 సెకన్లలో వచ్చింది. టెస్లా వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్టిన్ ఎబర్‌హార్డ్‌కు ఉత్సాహం ఇచ్చింది ఈ కారే. 2008లో అమ్మకానికి వచ్చిన టెస్లా రోడ్‌స్టర్, లోటస్ ఎలీజ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు నిర్మాణాన్ని ఆధారం చేసుకుని తయారైంది. ఈనాటి ఎలక్ట్రిక్ కార్ల పరిశ్రమ మూలాల్లో ఒక చిన్న స్పోర్ట్స్ కారు ఉందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

దెబ్బతిన్న కారే గని

2010 డిసెంబరులో నిస్సాన్ లీఫ్ మార్కెట్లోకి వచ్చాక ఇంట్లో చేసుకునేవాళ్లకు కొత్త దారి తెరుచుకుంది. ప్రమాదంలో దెబ్బతిని, బీమా కంపెనీ చేతులెత్తేసిన లీఫ్ ఒకటి కొంటే మోటారు, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్, బ్యాటరీ, చార్జర్, కేబుళ్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఒక్కొక్కటీ విడిగా కొత్తవి కొనడం కన్నా ఇది ఎంతో చవక. పైగా ఒకదానికొకటి పొసగుతాయా అన్న సందేహం ఉండదు.

తొలి లీఫ్ మోటారు 80 కిలోవాట్లది. మియాటా ఇంజన్ శక్తిని అదే కొలతలోకి మారిస్తే 86 కిలోవాట్లు. రెండూ దాదాపు సమానమే. తేడా తిప్పుడు బలంలో ఉంది. మియాటా ఇంజన్ గరిష్ఠంగా 136 న్యూటన్-మీటర్లు ఇస్తుంది, అదీ ఇంజన్ బాగా తిరిగాక. లీఫ్ మోటారు 280 ఇస్తుంది, కదలని స్థితి నుంచే. వినడానికి బాగుంటుంది గానీ, 1.6 లీటర్ల మియాటాలో వెనక చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్ చిన్నది. లోపలి క్రౌన్ చక్రం ఆరు అంగుళాలే. 1994లో 1.8 లీటర్ల ఇంజన్ పెట్టినప్పుడు మాజ్దా కంపెనీయే దాన్ని ఏడు అంగుళాలకు పెంచింది. కాబట్టి మోటారు బలాన్ని ఇన్వర్టర్ సెట్టింగుల్లో తగ్గించి పెట్టుకోవాలి, లేదా 1994 తర్వాతి డిఫరెన్షియల్ తెచ్చి బిగించాలి. ఇది ముందే ఆలోచించనివాళ్ల గేర్లు త్వరలోనే పళ్లు రాల్చవచ్చు.

ఇప్పుడు తూకం. ఇంజన్, సైలెన్సర్ గొట్టాలు, రేడియేటర్, ట్యాంకు, నిండు పెట్రోలు అన్నీ దించేస్తే రెండు వందల కిలోల వరకు తగ్గుతుంది. ఎక్కించవలసినవి: మోటారు దాదాపు 60 కిలోలు, ఇన్వర్టర్ పదిహేడు. ఇక బ్యాటరీ. 24 యూనిట్ల లీఫ్ బ్యాటరీ ఉక్కు పెట్టెతో సహా 294 కిలోలు ఉంటుంది. పెట్టె విప్పితే లోపల 48 మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కోటి 3.8 కిలోలు, అంటే మొత్తం 182. కొత్త పెట్టెలు, చార్జర్, కేబుళ్లకు మరో యాభై వేసుకుంటే ఎక్కించినది మూడు వందల పది దాకా తేలుతుంది. పాత బరువు మీద వంద కిలోలు పెరిగినట్టు. పక్క సీట్లో ఒక లావుపాటి మనిషి కూర్చుంటే ఎంతో అంతే. కారు స్వభావం చెడదు.

ఇంకో లీఫ్ బ్యాటరీ కూడా ఎక్కిస్తే దూరం రెట్టింపు అవుతుందన్న ఆశ ఇక్కడే పుడుతుంది. అలా చేస్తే కారు బరువు పన్నెండు వందల కిలోలు దాటుతుంది. స్ప్రింగులు కుంగుతాయి, బ్రేకులు చాలవు, తలుపు పక్క స్తంభం మీద కంపెనీ అతికించిన గరిష్ఠ బరువు హద్దును ఇద్దరు మనుషులు ఎక్కేసరికి దాటేస్తుంది. దూరం మీద మోజు పడి తేలికదనాన్ని పోగొట్టుకున్న స్పోర్ట్స్ కారు కన్నా, వంద కిలోమీటర్లే నడిచి మలుపుల్లో మునుపటిలా పలికే కారు మేలు.

విప్పడం సులువు, కలపడం కష్టం

పని మొదట్లో చేయవలసినది కారును నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూచడం. ఏ చక్రం మీద ఎంత బరువు ఉందో రాసిపెట్టుకుంటే చివర్లో పోల్చుకోవడానికి అదే ఆధారం. తరవాత తుప్పు చూడాలి. మియాటాలో తలుపుల కిందిభాగం, వెనక చక్రాల ముందు భాగం త్వరగా తుప్పు పడతాయి. పుచ్చిపోయిన బాడీకి బ్యాటరీ పెట్టెలు బిగించడం తెలివైన పని కాదు. పెట్రోలు ట్యాంకు దించేటప్పుడు ఆవిరి విషయంలో జాగ్రత్త పడాలి. దాన్ని మినహాయిస్తే ఇంజన్ విప్పడం ఏ మెకానిక్ షెడ్డులోనైనా జరిగే పనే. అనుభవం ఉన్నవాళ్లు తీసిన ఇంజన్‌ను అమ్మేసి కొంత ఖర్చు రాబట్టుకుంటారు.

కష్టమంతా మోటారును గేర్‌బాక్సుకు కలపడంలో ఉంది. మియాటా గేర్‌బాక్సుకు ఒక విశేషం ఉంది. దాని వెనక నుంచి డిఫరెన్షియల్ దాకా ఒక పొడవాటి అల్యూమినియం చట్రం పోతుంది. రెండిటినీ ఒకే ముక్కలా పట్టి ఉంచేది అదే. గేర్‌బాక్సు ఉంచుకుంటే ఈ చట్రాన్నీ యథాతథంగా ఉంచి, మోటారును పాత ఇంజన్ కూర్చున్న దిమ్మల మీదే నిలపాలి. గేర్‌బాక్సుకూ మోటారుకూ మధ్య ఒక మందపాటి అల్యూమినియం పలక వస్తుంది. దాని ఒకవైపు రంధ్రాలు గేర్‌బాక్సు బోల్టులకు, రెండోవైపు మోటారు బోల్టులకు సరిపోవాలి. నడుమ మోటారు షాఫ్టును గేర్‌బాక్సు షాఫ్టుకు జతచేసే ఉక్కు కప్లర్ ఉంటుంది. ఆ రెండు షాఫ్టులూ ఒకే గీత మీద తిరగాలి. తేడా మిల్లీమీటరులో కొన్ని వందో వంతులకు మించకూడదు. లేత్ మీద పని పూర్తయ్యాక డయల్ గేజి పెట్టి, షాఫ్టును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ సూది ఎంత కదులుతోందో చూస్తారు. సూది నిలకడగా ఉంటే పని కుదిరినట్టు. ఊగితే పలకను మళ్లీ సరిచేయాలి, ఎందుకంటే నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు ఆ చిన్న తేడాయే బేరింగులను కొరికేస్తుంది. సొంత లేత్ లేనివాళ్లు ఈ రెండు భాగాలను మంచి వర్క్‌షాపులో చేయించుకోవడమే నయం.

క్లచ్ ఉంచాలా వద్దా అన్నది ఔత్సాహికుల మధ్య తెగని చర్చ. ఎలక్ట్రిక్ మోటారు బండి ఆగినప్పుడు తిరుగుతూ ఉండదు కాబట్టి ఆగడానికి, కదలడానికి క్లచ్ అక్కర్లేదు. రోజువారీ వాడకంలో రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టి అలాగే నడిపేయవచ్చు. అయితే గేరు మార్చడంలో ఉన్న సరదా వదులుకోలేనివాళ్లు క్లచ్ ఉంచుకుంటారు. స్పోర్ట్స్ కారు విషయంలో వాళ్ల పక్షానే న్యాయం ఎక్కువ ఉంది.

బ్యాటరీల అమరిక

లీఫ్ మాడ్యూల్ చదునైన రేకు డబ్బా. లోపల మెత్తని సంచుల్లాంటి నాలుగు సెల్స్ ఉంటాయి, రెండేసి జంటలుగా కలిపి. 48 మాడ్యూళ్లను వరుసగా కలిపితే 96 జంటలు, మొత్తం 360 వోల్టులు. మాడ్యూళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు చివర్ల గట్టి పలకలు పెట్టి, పొడవాటి బోల్టులతో బిగించి ఉంచాలి. అలా అదిమి పెట్టకపోతే సెల్స్ కాలక్రమాన ఉబ్బుతాయి.

వీటిని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి బాగా పనికొచ్చే సాధనం అట్ట. మాడ్యూల్ కొలతలకు అట్టడబ్బాలు కత్తిరించి, బానెట్ కింద, ట్యాంకు ఉండిన ఖాళీలో, డిక్కీలో పేర్చి చూస్తారు. బానెట్ మూతపడుతుందా, స్టీరింగు రాడ్డు తగులుతుందా, చక్రం పైకి లేచినప్పుడు పెట్టెకు రాసుకుంటుందా అన్నవన్నీ అట్టముక్కలతోనే తేలిపోతాయి. ఇనుము కొన్నాక దిద్దుకోవడం కన్నా ఇది హాయి. ట్యాంకు ఉండిన చోటు సీట్ల వెనక, వెనక ఇరుసుకు పైన ఉంటుంది. కంపెనీ ఇంజనీర్లు ప్రమాదాల్లో దెబ్బ తగలకూడదనే ట్యాంకుకు ఆ చోటు ఎంచారు. బ్యాటరీకీ ఆ తర్కమే వర్తిస్తుంది. డిక్కీ చివర, అంటే వెనక నుంచి మరో కారు గుద్దితే నలిగే భాగంలో, బ్యాటరీలు పెట్టకూడదు. బరువు ఎంత కిందికి, ఎంత మధ్యకు వస్తే కారు అంత బాగా నడుస్తుంది.

పెట్టెల బిగింపులో మొహమాటం పనికిరాదు. ఎదురుగా గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తన బరువుకు ఇరవై రెట్ల బలాన్ని తట్టుకుని కదలకుండా ఉండాలని ఆస్ట్రేలియా మార్గదర్శకాలు అడుగుతాయి. వంద కిలోల పెట్టె అయితే రెండు టన్నుల తోపును ఆపగల బోల్టులు, బ్రాకెట్లు ఉండాలన్నమాట. రేకుకు నాలుగు స్క్రూలు బిగించి సరిపెట్టుకున్న పెట్టె ప్రమాదంలో మనుషుల వీపుల మీదికి వస్తుంది.

పాత బ్యాటరీ కొనేటప్పుడు దాని ఆరోగ్యం పరీక్షించుకోవాలి. లీఫ్ బ్యాటరీని చల్లబరచడానికి నీటి ఏర్పాటు లేదు. ఆరిజోనా లాంటి ఎడారి రాష్ట్రంలో తిరిగిన తొలి లీఫ్‌ల సామర్థ్యం వేగంగా పడిపోయిందని 2012లోనే యజమానులు గట్టిగా ఫిర్యాదు చేశారు. చల్లని ప్రాంతంలో తిరిగిన కారు బ్యాటరీకి అందుకే గిరాకీ ఎక్కువ. రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసిన తెలుగు పాఠకులకు దీని సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రతి జంట సెల్స్ వోల్టేజీని కనిపెట్టి ఉండే బీఎంఎస్ అనే కాపలా పరికరం తప్పనిసరి. లిథియం సెల్ 4.2 వోల్టులు దాటి చార్జ్ అయితే వేడెక్కి, ఆవిర్లు విడిచి, అంటుకునే ప్రమాదం ఉంది. 96 జంటల్లో ఒక్కటి ముందుగా నిండినా చార్జింగ్ ఆగిపోవాలి. ఒక్కటి ముందుగా ఖాళీ అయినా మోటారు బలం తగ్గాలి.

ప్రాణం మీదికి తెచ్చే వోల్టేజీ

ఈ పనిలో నిజంగా భయపడవలసిన భాగం ఇదే. 60 వోల్టులు దాటిన డీసీ కరెంటును ప్రమాదకరంగా లెక్కిస్తారు. ఇక్కడ ఉన్నది దానికి ఆరు రెట్లు. ఇంట్లోని ఏసీ కరెంటు సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి తెగిన చోట లేచిన నిప్పుమెరుపు దానంతటదే ఆరిపోయే అవకాశం ఉంది. డీసీలో ఆ విరామం రాదు. అందుకే ఫ్యూజు, స్విచ్, పెద్ద కరెంటును కలిపి విడదీసే కాంటాక్టర్, ప్రతిదీ ఆ డీసీ వోల్టేజీకి తగినదని దాని మీద ముద్రించి ఉండాలి. ఇళ్లలో వాడే ఏసీ స్విచ్చులు ఇక్కడ పనికిరావు.

ఒక్కో మాడ్యూల్ ఏడెనిమిది వోల్టులే, విడిగా ముట్టుకున్నా ప్రమాదం లేదు. కలుపుతూ పోయేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. బ్యాటరీని ఆపేసే స్విచ్ అంటూ ఏదీ ఉండదు, దానిలోని శక్తి ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. అందుకని వరుస మధ్యలో చేత్తో లాగితే ఊడివచ్చే ఒక ప్లగ్గు పెడతారు. పనంతా అది ఊడదీసి ఉంచే చేస్తారు. వెయ్యి వోల్టులకు తగిన రబ్బరు చేతొడుగులు, తొడుగు ఉన్న పానాలు వాడాలి. ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టాలి. షెడ్డులో రెండో మనిషి ఉండాలి.

కీ తిప్పగానే జరిగే ఒక చిన్న తంతును కాస్త దగ్గరగా చూడాలి. ఇన్వర్టర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఖాళీగా ఉన్న కెపాసిటర్లకు 360 వోల్టులను నేరుగా కలిపితే నిండు చెరువు తూము ఒక్కసారిగా ఎత్తినట్టు కరెంటు విరుచుకుపడుతుంది. కాంటాక్టర్ లోపలి బిళ్లలు ఆ వేడికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టర్ ఇక తెరుచుకోదు, కీ తీసేసినా హైవోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. దీన్ని తప్పించడానికి ముందు ఒక చిన్న రిలే, ఒక రెసిస్టర్ ద్వారా కెపాసిటర్లను నెమ్మదిగా నింపుతారు. వోల్టేజీ బ్యాటరీకి దాదాపు సమానమయ్యాకే పెద్ద కాంటాక్టర్ టక్కుమని మూసుకుంటుంది. బండి ఆపాక కూడా ఆ కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, మీటరుతో చూసి, అప్పుడే మూత విప్పాలి.

హైవోల్టేజీ తీగలు రెండూ కారు బాడీకి ఎక్కడా తగలకూడదు. ఒక తీగ బాడీకి తగిలినా వెంటనే ఏమీ జరగదు. రెండోది తగిలిన రోజున, లేదా దాన్ని మనిషి ముట్టుకున్న రోజున, వలయం పూర్తవుతుంది. ఈ లీకును కనిపెట్టే పరికరం ఒకటి పెట్టుకుంటే మొదటి తప్పు దగ్గరే హెచ్చరిక అందుతుంది. కేబుళ్లకు నారింజ రంగు తొడుగు వేయడం అలంకారానికి కాదు. ప్రమాదంలో కారును కోసి మనుషులను బయటికి తీసే సిబ్బందికి అదే గుర్తు.

ఇంజన్ చేసిపెట్టిన చిన్న పనులు

ఇంజన్ పోయాక గానీ అది చక్రాలు తిప్పడమే కాక ఎన్ని చేసేదో తెలియదు. బ్రేకు పెడలును తేలిక చేసే బూస్టర్ ఇంజన్ పీల్పు మీద పనిచేసేది. ఇప్పుడు దానికి ఒక చిన్న ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు కావాలి. లైట్లకు, హారన్‌కు 12 వోల్టులు ఇచ్చిన ఆల్టర్నేటర్ స్థానంలో డీసీ-డీసీ కన్వర్టర్ వస్తుంది. చలిదేశాల్లో అద్దం మీది మంచు కరిగించడానికి ఇంజన్ వేడినీళ్లు ఉండవు కాబట్టి విద్యుత్ హీటరు పెట్టాలి. పవర్ స్టీరింగు ఉన్న మియాటాకు ఎలక్ట్రిక్ పంపు వెతుక్కోవాలి. కొన్ని తొలి మియాటాలు పవర్ స్టీరింగు లేకుండానే వచ్చాయి, వాటితో ఆ బాధ లేదు.

ఇన్వర్టర్‌ను ఒప్పించడం మరో పని. లీఫ్ ఇన్వర్టర్ తన సొంత కారు కంప్యూటర్ నుంచి సెకనుకు వంద చొప్పున ఆజ్ఞలు అందితేనే మోటారును తిప్పుతుంది. ఆ భాషను ఔత్సాహికులు విడదీసి అర్థం చేసుకుని, అదే రకంగా మాట్లాడే చిన్న కంట్రోలర్లు తయారుచేశారు. జర్మనీలో మొదలైన ఓపెన్‌ఇన్వర్టర్ లాంటి ప్రయత్నాలు ఏకంగా ఇన్వర్టర్ లోపలి కంట్రోల్ బోర్డునే మార్చి, సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాయి. ఈ వ్యాపకంలో మెచ్చుకోవలసిన గుణం ఇదే. ఒకరు కష్టపడి కనిపెట్టింది పదిమందిదీ అవుతుంది. యాక్సిలరేటర్ పెడలుకు రెండు సెన్సర్లు ఉండాలి, రెండూ చెప్పేది కలవకపోతే మోటారు ఆగిపోవాలి. ఒక్క తీగ ఊడినంత మాత్రాన కారు దూసుకుపోయే పరిస్థితి రాకూడదు.

కాలు తీసినప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని నింపే రీజెన్ బ్రేకింగ్‌ను మియాటాలో మితంగా పెట్టాలి. ఆ బ్రేకు వెనక చక్రాల మీదే పడుతుంది. తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో, తేలికైన కారు వెనకభాగాన్ని గట్టిగా పట్టి ఆపితే బండి గిర్రున తిరుగుతుంది.

వెనక చక్రాలను స్టాండ్ల మీద ఎత్తి, తక్కువ బలంతో మోటారు తిప్పి చూశాకే కారును నేలకు దించుతారు. మళ్లీ నాలుగు కాటాల మీద తూచి, పాత అంకెలతో పోల్చి, స్ప్రింగులు, అలైన్‌మెంటు సరిచేస్తారు.

వాడకంలోకి వచ్చాక లెక్క ఇలా ఉంటుంది. పాత లీఫ్ బ్యాటరీలో ఎనభై శాతం సామర్థ్యం మిగిలిందనుకుంటే 19 యూనిట్లు. పూర్తిగా పిండకుండా 17 వాడుకుంటే, వంద కిలోమీటర్లకు 15 యూనిట్ల చొప్పున నూట పదమూడు కిలోమీటర్లు. హైవే మీద, అందులోనూ టాపు తెరిచి నడిపితే గాలి నిరోధం పెరిగి ఇది తగ్గుతుంది. 3.3 కిలోవాట్ల చార్జర్‌తో ఆరేడు గంటలు, అంటే రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. అమెరికాలో ఇలాంటి పనికి కారు ధర కాక పదివేల డాలర్లు ఖర్చవడం మామూలే. కొత్త విడిభాగాలు కొంటే రెట్టింపూ కావచ్చు. పెట్రోలు ఆదాతో ఆ డబ్బు తిరిగి రాదు. డబ్బు మిగలాలంటే వాడిన లీఫ్ కొనుక్కుని నడుపుకోవడమే దారి.

రిజిస్ట్రేషన్ నిబంధనలు చోటును బట్టి మారతాయి. కాలిఫోర్నియాలో ప్రత్యేక తనిఖీ అధికారికి కారును చూపించి, ఇక పొగ పరీక్ష అవసరం లేదని నమోదు చేయించుకోవాలి. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, ఎలక్ట్రిక్ మోటారు పెట్టిన పాత కారును చారిత్రక వాహనంగా గుర్తించలేమని, మార్పులు చేస్తే తిరిగి మొదటి స్థితికి తేగలిగేలా చేయాలని 2019లో సూచించింది. అరుదైన కార్ల విషయంలో ఆ మాట పాటించదగ్గది. లక్షల్లో తయారైన మియాటాకు అంత పట్టింపు అక్కర్లేదు.

మన దేశంలో పరిస్థితి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని నిషేధిస్తుంది. కంపెనీ నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా మార్చిన వాహనాలు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అయితే కన్వర్షన్ కిట్టుతో బ్యాటరీకి మార్చుకోవడానికి షరతులతో దారి ఉంది. కిట్టు ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదం పొందాలి, అధీకృత కేంద్రంలోనే బిగించాలి, ఆర్‌సీలో ఇంధనం మార్పు నమోదు కావాలి. హైదరాబాద్‌కు చెందిన ఈ-ట్రియో సంస్థ మారుతి కార్లకు ఇలాంటి కిట్లతో ముందుకొచ్చింది. సొంతంగా మోటారు, ఇన్వర్టర్ కలిపి నేర్చుకోవాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులకు బాజా, ఫార్ములా భారత్ పోటీల్లోని ఎలక్ట్రిక్ విభాగాలు ఉన్నాయి. అక్కడ భద్రతా తనిఖీ దాటకుండా ఏ బండీ ట్రాక్ ఎక్కదు. రోడ్డు మీద నడపదలచినవాళ్లు మాత్రం డబ్బు కట్టేముందే ఆ కిట్టుకు తమ మోడల్ మీద ఆమోదం ఉందో లేదో ఆర్టీవో కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ కనుక్కోవాలి.